అమ్మ చూపు నిలిచిన ఇల్లు

నాన్న పోయాక అమ్మను అమెరికా తీసుకొచ్చాం. ట్రాయ్‌లో నా దగ్గర ఉండాలా, కమ్మింగ్‌లో అన్నయ్య దగ్గర ఉండాలా అన్నది అమ్మే తేల్చుకోవాలి.

మనిషి దేన్ని ఎంచుకుంటాడో అతని చూపును బట్టి, మెదడులోని కదలికలను బట్టి ముందే పసిగట్టవచ్చా అని మా ల్యాబ్‌లో పరిశోధిస్తాం. ఒక శనివారం అమ్మను అక్కడికి తీసుకెళ్లాను. సరదాకి స్క్రీన్ మీద ఒకపక్క నా ఇంటి ఫొటో, మరోపక్క అన్నయ్య ఇంటి ఫొటో పెట్టి, ఎక్కడ ఉంటావో బటన్ నొక్కి చెప్పమన్నాను. అమ్మ నా ఇంటికే నొక్కింది. నాకు ఎంత సంతోషమేసిందో.

నాతో పనిచేసే స్వప్న, అమ్మ చూపు ఎటు తిరిగిందో కెమెరా పట్టిన రికార్డింగ్ చూసి నవ్వేసింది.

"ఆంటీ చూపంతా మీ అన్నయ్య ఇంటి మీదే ఉందే. నీ ఇంటివైపు సరిగా చూడనైనా లేదు."

వాళ్లిద్దరి ముందూ నా మొహం మాడిపోయింది. తిరిగొస్తూ కార్‌లో అడిగాను.

"అన్నయ్య ఇల్లే ఇష్టమైతే, నాది ఎందుకు ప్రెస్ చేశావమ్మా?"

అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ, "వాడు రమ్మనలేదు కదే" అంది.

అమ్మ ఇప్పుడు నాతోనే ఉంటోంది. తల్లిని దగ్గర పెట్టుకున్న అదృష్టవంతురాలినని అందరూ అంటారు. అమ్మ నన్ను ఎంచుకోలేదని, ఆవిడకు నేను మిగిలానని వాళ్లకెలా చెప్పను?