కొండ గూటిలో కర్పూరం

పెళ్లయి రాయపూర్ రైల్వే కాలనీకి వచ్చిన రెండో చలికాలంలో, కాలనీలోని తెలుగువాళ్లం పదిహేను మందిమి పాసుల మీద రాయగఢ్ వెళ్లాం. అక్కడికి దగ్గర్లో ఒక కొండ మీద ఆదిమానవులు కాపురమున్న రాతి గూళ్లు, వాళ్లు గీసిన ఎర్ర బొమ్మలు ఉన్నాయి. మావారికి డ్యూటీ పడడంతో నేను అత్తగారితో బయల్దేరాను. ఆవిడది విజయనగరం వైపు. మాట కరుకు. ఆవిడ ముందు గట్టిగా దగ్గాలన్నా నాకు జంకే.

గైడు కొండ కింది ఊరివాడు, యాభై దాటిన మనిషి. ఎక్కేముందే హిందీలో చెప్పాడు, పైన బండలకు తేనెపట్టులున్నాయని, పొగ పెట్టొద్దని, కేకలు వేయొద్దని. అత్తగారు అప్పుడు కాస్త వెనక మోకాళ్లు పట్టుకుని కూర్చున్నారు. విన్నారో లేదో తెలియదు.

చివర్లో దారి పాదం పట్టేంతే ఉంది. ఒకవైపు లోయ. కిందికి చూడకుండా గోడను తడుముకుంటూ నడిచాను. గూటి నిండా బొమ్మలు, కర్రలు పట్టుకున్న మనుషులు, పరుగెత్తే దున్నలు. గైడు మిగతావాళ్లను పక్క గూట్లో దించి, మా కోసం తిరిగొస్తానని వెళ్లాడు. నడవలేక మేమిద్దరం ఉండిపోయాం.

"ఈ బాబు దేవుడేనే. చెయ్యెత్తి దీవిస్తన్నాడు చూడు," అంటూ అత్తగారు గోడ మీద ఒక బొమ్మను చూపించి, కొంగు ముడి విప్పి కర్పూరం తీశారు.

"అత్తయ్యా, పొగ పెట్టొద్దన్నాడు గైడు."

"కర్పూరం కూడా పొగేటే?"

ఆవిడ అగ్గిపుల్ల గీసి, ఆ బొమ్మ కింద బిళ్ల వెలిగించారు.

బిళ్ల సగం కూడా కాలలేదు. వంతెన మీద గూడ్సుబండి వస్తున్నట్టు పైనుంచి మోత. గూటి ముందు వెలుతురు మసకబారింది. నా చెవి పక్కనుంచి తేనెటీగ ఒకటి పోయింది, మెడ మీద మరొకటి వాలింది. లేచి పరుగెత్తబోయాను. అత్తగారు నా చెయ్యి పట్టి కిందికి లాగారు. నాలుగడుగుల అవతల లోయ ఉందన్న సంగతే నాకు గుర్తులేదు.

"హల్లా ఝన్ కరవ్," అరవొద్దంటూ గైడు పాక్కుంటూ వచ్చాడు. మండుతున్న కర్పూరాన్ని అరచేత్తో నలిపి ఆర్పేశాడు. భుజం మీది కంబళి మా ఇద్దరి మీద కప్పాడు. తను పక్కనే బోర్లా పడుకున్నాడు, చొక్కా తప్ప పైన కప్పుకోవడానికి ఏమీ లేకుండా.

కంబళి మీద అవి పాకుతున్న చప్పుడు వినిపిస్తోంది. నా పళ్లు టకటకలాడుతుంటే అత్తగారు నా నోటికి చెయ్యి అడ్డం పెట్టారు. ఎంతసేపు ఉన్నామో తెలియదు. గైడు లేవమన్నప్పుడు ఆయన ఒక కన్ను మూసుకుపోయి ఉంది. పెదవి వాచి మాట ముద్దగా వస్తోంది. మా ఇద్దరికీ కలిపి నాలుగు చోట్ల కుట్టాయి. ఆయనే గోరుతో ముళ్లు గీకి తీశాడు. తర్వాత ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని కిందికి దించాడు.

తిరుగు బండిలో ఎవరో అడిగారు, తేనెటీగలెందుకు రేగాయని.

"మా కోసం తిరిగొస్తూ ఆ గైడే బీడీ ముట్టించాడు," అన్నారు అత్తగారు, నా వైపు చూస్తూ.

అందరూ ఆయన్ని తిట్టారు. నేను కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాను.

ఇంటికొచ్చాక మావారు నా మెడకు సున్నం రాస్తూ అడిగారు. "అమ్మ చెప్పినట్టు నిజంగా బీడీయేనా?"

వంటింట్లో అత్తగారి గిన్నెల చప్పుడు ఆగింది.

"అవును," అన్నాను.