సుల్తాను సంతకం

మా పక్కింటి హిస్టరీ మాస్టారు పోయిన మంగళవారం కన్నుమూశారు. ఇక్కడ అమెరికాలో, మా అరోరా ఊళ్లో, మా వీధి తెలుగు పిల్లలందరికీ ఆయన ఒక్కరే మాస్టారు.

ఆదివారం పొద్దున బేస్‌మెంట్‌లో క్లాసు. పిల్లల్లో ఒకరిని సుల్తానుని చేసి కుర్చీలో కూర్చోబెట్టేవారు. వారసత్వం కోసం తమలో తాము కొట్టుకుని నీరసించిన మలయా, అంటే ఇప్పటి మలేషియా, సుల్తానుల దగ్గరికి ఇంగ్లీషువాళ్లు కాపాడతామంటూ ఎలా వచ్చారో చెప్పి, ఒప్పందం కాగితం ముందు పెట్టేవారు. సాఫ్ట్‌వేర్ వాళ్ల పిల్లలు కదా, స్క్రీన్ మీద 'ఐ అగ్రీ' నొక్కినట్టు సంతకం పడేసేవాళ్లు. అప్పుడు తీరిగ్గా చివరి షరతు చదివేవారు. మతం, ఆచారం తప్ప అన్నిటికీ ఇంగ్లీషు అధికారి సలహా అడగాలి, చెప్పినట్టే నడవాలి. ఇక ఆ గంటంతా సుల్తానుగారు జంతిక తినాలన్నా అధికారిని అడగాల్సిందే.

మా అమ్మాయి తన వంతు వచ్చినప్పుడు ఏడుపుమొహం పెట్టింది. "బట్ మాస్టారూ, వాళ్లు హెల్ప్ చేస్తాం అన్నారు కదా?"

"అన్నారమ్మా. చదివి సంతకం పెట్టు. తొందరేం లేదు."

నిరుడు ఆయన గుండె బలహీనపడింది. దూరాన షాంటిలీలో ఉండే కూతురు వచ్చి, నిర్ణయాలన్నీ తనకి అప్పగించే కాగితాలు తయారు చేయించింది. క్లాసు మాన్పించాలని ఆమె పట్టుదల. సాక్షి సంతకానికి నన్ను పిలిచారు.

"నాన్నా, ఇదంతా మీ మంచికే."

"తెలుసమ్మా. వాళ్లూ అదే అన్నారు."

నాకు నవ్వొచ్చింది, ఆమెకి రాలేదు. ఆయన నాలుగు పేజీలూ చదివారు. వైద్యం, కారు తాళాలు కూతురికి వదిలేశారు. 'రోజువారీ వ్యాపకాలు' అన్న లైను మాత్రం కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టారు.

"క్లాసు నాది. అది ఆగితే నేనూ ఆగిపోతాను," అన్నారు మామూలుగా.

ఆమె కాగితం తనవైపు లాక్కుని, ఆ లైను చదివింది. తర్వాత తనూ ఆ కొట్టివేత పక్కన సంతకం పెట్టింది. క్లాసు ఆగలేదు; చివరిది ఆయన పోవడానికి రెండు రోజుల ముందు జరిగింది.

ఈ దేశం వచ్చాక నేనెన్ని కాగితాల మీద చదవకుండా సంతకం చేశానో లెక్కలేదు. ఇప్పుడు మా మేనేజర్‌తో కూడా "చదివి రేపు చెబుతాను" అనగలుగుతున్నాను. అది ఆయన చలవే.

మొన్న ఆదివారం పిల్లలు అలవాటుగా వచ్చేశారు. మాస్టారి కూతురే బేస్‌మెంట్ తలుపు తీసి, ఒప్పందం కాగితం టేబుల్ మీద పెట్టింది. కొత్తగా చేరిన చిన్నపిల్ల సుల్తాను కుర్చీ ఎక్కి, గబుక్కున పెన్ను అందుకుంది. మా అమ్మాయి ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఫస్ట్ చదువు. తొందరేం లేదు."

చిన్నది వేలు పెట్టి ఒక్కో లైనూ చదవసాగింది. మాస్టారి కూతురు మెట్ల మీద కూర్చుని, చివరి షరతు దాకా వింది.