మునారుల జాతి పత్రం మీద నా సంతకం

1997 జూన్‌లో వేలూరులో ఒక ముద్రణ సేవల సంస్థలో అసిస్టెంట్ రైటర్‌గా చేరాను. ప్రొబేషన్ ఒక ఏడాది. అంతకుముందు ఆ సంస్థ విదేశీ సైన్సు పుస్తకాలకు పేజీలు కూర్చి పంపేది. దేశం తలుపులు తెరుచుకున్నాక ఫోను లైన్లు వచ్చాయి, మేనేజర్ గదిలో ఒక మోడెమ్ వచ్చింది, దాని వెంట ఎవరూ ఊహించని ఒక పనీ వచ్చింది. గ్రహాంతర జాతులను తయారు చెయ్యాలి.

దీనికి కొంచెం వివరణ అవసరం. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూచుని, పాచికలు వేస్తూ, తలా ఒక పాత్ర ధరించి కథ నడిపించే ఆట ఒకటి ఉంది. దానికి లావుపాటి నిబంధనల పుస్తకం ఉంటుంది. మా క్లయింటు ఆట నక్షత్రాల మధ్య నడుస్తుంది, మంత్రాలూ ఉంటాయి, రాకెట్లూ ఉంటాయి. ఆ లోకంలో ఎవరెవరు బతుకుతారు, ఏం తింటారు, చచ్చినవాళ్ళను ఏం చేస్తారు అని రాసిపెట్టడం మా పని. ఒక్కో జాతికి ఒక పత్రం, అందులో తొమ్మిది గడులు. శరీరం, నివాసం, ఆహారం, ఆచారం, నైపుణ్యం ఇలా పోయి పోయి చివరి గడి ‘బలహీనత’. ఏ గడీ ఖాళీగా ఉండకూడదు. రచయిత రాస్తే మేనేజర్ చూసి పొట్టి సంతకం పెట్టి పంపుతాడు. బలం, చురుకు, బుద్ధి వగైరా ఎంతెంతో అంకెలు విదేశంలో ఉన్న క్లయింటు మనుషులు వేస్తారు. ఆఖరి ప్రూఫు మీద రచయిత పూర్తి సంతకం చేస్తే పత్రం ‘ఫ్రీజ్’ అయినట్టు. ఆ తర్వాత ఇక్కడ ఎవరూ దాన్ని ముట్టుకోరాదు.

నాకు నాలుగు జాతులు ఇచ్చారు. మొదటి మూడింటినీ అందరూ చేసినట్టే చేశాను. ఒక దానికి మూడు కళ్ళు పెట్టాను, ఒక దాన్ని నీళ్ళలో ముంచాను, ఒక దానికి రెక్కలు తగిలించాను. నాలుగోది ఇల్లు కట్టే జాతి. అది మాత్రం నా ఇంట్లోంచి వచ్చింది.

మాది గుడియాత్తం. మా నాన్న మునుస్వామి మేస్త్రీ. మా వీధిలో సగం మంది తాపీ పట్టినవాళ్ళే. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, నాన్నకు తెలుగూ తమిళమూ రెండూ చదవడం రాదు. అయినా ఇంటి కొలతలన్నీ ఒక తాడుకు ముడులు వేసుకుని మొలలో పెట్టుకునేవాడు. ఆ తాడును నైపుణ్యం గడిలో రాశాను. ఆచారం గడిలో ఇంకొకటి రాశాను. చిన్నప్పుడు నాన్న కట్టిన ఇళ్ళ గృహప్రవేశాలకు నన్ను తీసుకుపోయేవాడు. అందరూ లోపలికి పోతే ఆయన మాత్రం వీధిలో నిలబడి ఇంటివైపు చూస్తూ ఉండేవాడు. ఆయన్ను లోపలికి రానివ్వరు కాబోలనుకుని నాకు తల కొట్టేసినట్టుండేది. అందుకే నా జాతివాళ్ళు తాము కట్టిన ఇంట్లో ఎన్నడూ అడుగు పెట్టరు, బయట నిలబడి చూసి వెళ్ళిపోతారు. వాళ్ళకు నాన్న పేరులోంచే ‘మునారులు’ అని పేరు పెట్టాను. బలహీనత గడి కావాలనే ఖాళీగా వదిలాను.

ప్రూఫు తిరిగి వచ్చింది. తాడు సంగతి నైపుణ్యం గడిలో లేదు. బలహీనత గడిలో ఉంది. ‘లిపి లేదు, చదవలేరు, కొలతలకు తాడు ముడులే దిక్కు.’ దాని పక్కన అక్కడివాళ్ళు అంకె వేశారు. బలానికి రెండు ఎక్కువ, బుద్ధికి రెండు తక్కువ.

ఒళ్ళు మండిపోయింది. మేనేజర్ దయాళన్ గదిలోకి పోయి ఎవరు మార్చారని అడిగాను. దయాళన్‌దీ తెలుగు ఇల్లే, కాట్పాడి మనిషి.

“నేనే మార్చినాను. గడి ఖాళీగా ఉంటే వాళ్ళు తీసుకోరమ్మా. క్లయింటుకు బాగా నచ్చినాది, నీకింకేమి కావల్ల?” అన్నాడు.

చదువు రాకపోవడం వేరు, బుద్ధి లేకపోవడం వేరు అన్నాను. అంకెలు వేసింది తాను కాదన్నాడు. ఆయన మారిస్తేనే కదా వాళ్ళు వేసింది అన్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం ఆయన. శుక్రవారంలోగా సంతకం పెట్టమనీ, ప్రొబేషన్‌లో ఉన్న సంగతి మర్చిపోవద్దనీ చెప్పి ఫైలు మూశాడు.

ఆ వారంలోనే మా చిత్రకారుడు డేవిడ్ ఒక కోరిక కోరాడు. అతను గుడియాత్తంలో అగ్గిపెట్టెల లేబుళ్ళకు బొమ్మలు వేసి వచ్చినవాడు, చూడనిది గీయడు. మునారుల చేతులు గీయాలి, మీ నాయన్ను ఒక పూట కూచోబెట్టగలవా అన్నాడు. గురువారం నాన్న ఉతికిన చొక్కా వేసుకుని నాతోపాటు బస్సు దిగాడు. కిటికీ పక్కన స్టూలు మీద కూచుని, డేవిడ్ చెప్పినట్టల్లా తాపీ పట్టుకున్నట్టు చేతులు పెట్టాడు. కాసేపయ్యాక నా బల్ల మీది ప్రూఫు చూసి, తన బొమ్మ కింద ఏం రాస్తారో చదవమన్నాడు.

దాటవేద్దామనుకున్నాను. చేతకాలేదు. ఒక్కో గడీ తెలుగులో చెప్పాను. బుద్ధి రెండు తక్కువ అన్నచోట డేవిడ్ పెన్సిలు ఆగింది.

నాన్న కోప్పడలేదు. “కొలత పట్టింది ఎవరు?” అని అడిగాడు.

విదేశంలో ఎవరో అన్నాను.

“ఈడికి రాకుండానే పట్టినారా? సరి, అది వాళ్ళ తప్పు. ఆ ఇంట్లోకి పోరు అనింది ఎవరు రాసినారు?”

నేనే అన్నాను. నువ్వు బయట నిలబడేవాడివి కదా నాయనా అన్నాను. ఆయన నావైపు చూసిన చూపులో జాలి లేదు, విసుగుంది.

“ఆ పొద్దు మిద్దె పైన బిందెలతో నీళ్ళు పోయిస్తామమ్మా. ఏ తూములో ముందు దిగతాదో, గోడ యాడన్నా చెమ్మ పడతాదో చూడల్ల. లోపల కూచుంటే యాడ కనపడతాది? చూసినాక లోపలికి పోయి, పంక్తిలో కూచోని తిని, కొత్త పంచ తీసుకోని వస్తా ఉంటిని. నువ్వు మూతి ముడుచుకోని అంతకుముందే ఇంటికి పరిగెత్తినావు. చూస్తే కదా!”

మళ్ళీ తనే అన్నాడు, “రానీయని ఇండ్లూ ఉండాయి. లేవని చెప్పను. అవి యావో నాకు తెలుసు. నువ్వు చూసినేవి అవి కాదు.”

డేవిడ్ తల వంచుకుని గీతలు గీస్తూ ఉన్నాడు. నాకు దయాళన్ మీద ఉన్న కోపమంతా వెనక్కి తిరిగి నన్నే కొట్టింది. ఆయన ఒక తాడును ఈ గడిలోంచి ఆ గడిలోకి మార్చాడు. నేను ఒక పనిమంతుడి పనిని అవమానంగా మార్చాను. పైగా దాన్ని చాలా గొప్పగా రాశానని లోపల్లోపల మురిసిపోయాను.

శుక్రవారం సంతకం పెట్టలేదు. దయాళన్ భోజనానికి వెళ్ళినప్పుడు ఆయన కంప్యూటర్లోంచి నేరుగా క్లయింటుకు ఉత్తరం పంపాను. రెండు సవరణలు అడిగాను. తాడును నైపుణ్యంలోకి తెచ్చి బుద్ధి అంకె సరిచెయ్యాలి. ఇంటి ముందు నిలబడే ఆచారాన్ని మార్చాలి, వాళ్ళు నీటి వాటం చూసి ఆ తర్వాత లోపలికి వెళ్ళి భోంచేస్తారు. పై అధికారిని దాటి ఉత్తరం రాయడం పెద్ద తప్పు. సాయంత్రానికే మెమో వచ్చింది, ప్రొబేషన్ ఆరు నెలలు పొడిగించారు.

సోమవారం జవాబు వచ్చింది. మొదటి సవరణకు ఒప్పుకున్నారు. తాడు నైపుణ్యంలోకి వచ్చింది, బుద్ధిలో తగ్గించిన రెండూ తిరిగి కలిపారు, బలహీనత గడిలో ‘చలికి ఆగలేరు’ అని వాళ్ళే ఏదో రాసుకున్నారు. రెండోదానికి ఒప్పుకోలేదు. బయట నిలబడి చూసి వెళ్ళిపోవడమే ఈ జాతిలో అన్నిటికంటే మనసుకు పట్టే విషయమట. ఎంత విషాదం, ఎంత బాగా రాశారు అని మెచ్చుకున్నారు కూడా! వాళ్ళ మెప్పు చదువుతుంటే అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంకో ఉత్తరం రాస్తే ఉద్యోగం ఉండదని దయాళన్ చెప్పాడు. సంతకం పెట్టాను. నా చేత్తోనే పెట్టాను, ఎవరూ చెయ్యి పట్టుకుని పెట్టించలేదు.

ఎనిమిది నెలలకు పుస్తకం వచ్చింది. గుడియాత్తం తీసుకుపోయి నాన్న ముందు పెట్టాను. డేవిడ్ గీసిన చేతులను వేలితో తడిమి చూసి, బాగుండాయన్నాడు. చదవమంటే మొత్తం చదివాను, బయట నిలబడేదీ దాచలేదు.

“గోడ వంకరపోతే పడగొట్టి మళ్ళీ కడతాము. దీన్ని పడగొట్టేదానికి లేదా?” అన్నాడు.

లేదన్నాను. పుస్తకం మూసి నా చేతికిచ్చాడు. మళ్ళీ ఎప్పుడూ దాని మాట ఎత్తలేదు.

నేను ఆ విభాగానికి అధిపతినయ్యే దాకా, ఆ తర్వాత ఆ ఉద్యోగం వదిలే దాకా ఎన్నో జాతులు తయారు చేయించాను. అధిపతినైన మొదటి వారమే పత్రంలో పదో గడి ఒకటి చేర్చాను. ‘ఎవరిని అడిగారు? పేరు రాయండి.’ కొత్తగా చేరినవాళ్ళు లేని జాతికి ఎవరిని అడగాలని నవ్వేవాళ్ళు. లేని జాతి అంటూ ఉండదు, ప్రతి జాతీ రాసేవాడికి తెలిసిన మనుషుల్లోంచే వస్తుంది. ఆ గడి ఖాళీగా వస్తే పత్రం వెనక్కి పంపేదాన్ని.

దయాళన్ మీద కోపం చాలా ఏళ్ళ కిందటే పోయింది, తాడును మార్చిన రోజున ఆయనకు మా నాన్న ఎవరో తెలియదు. నాకు తెలుసు. మునారుల గురించి రాసిన పదిహేను రోజులూ నేను రోజూ గుడియాత్తం నుంచే బస్సులో వచ్చి పోయాను, రోజూ రాత్రి ఆయన పక్కనే కూచుని అన్నం తిన్నాను. ఒక్క పూటైనా అడగలేదు.