రెండు వరసల చీటీలు

రైలు కుదిపినప్పుడు పైన వేలాడే పిడి నా నుదుటికి తగులుతుంది. చల్లగా, కాస్త జిడ్డుగా, ఎందరి చేతుల వాసనో మోస్తూ. అంబత్తూరు నుంచి సాయంత్రం తిరిగి వచ్చే ఆడవాళ్ళ పెట్టెలో నాకు రోజూ తగిలే దెబ్బ అది. ఆ పిడి అందక నా మోచేతిని పట్టుకుని నిలబడిన సరోజమ్మగారు అప్పుడు గుర్తొస్తారు.

నా ఎత్తు అయిదడుగుల పదకొండు అంగుళాలు. జనంలో దాక్కోవాలనుకునే మనిషికి ఇంతకన్నా ఇబ్బంది లేదు. బస్సులో నా వెనక నిలబడ్డవాళ్ళు విసుక్కుంటారు. క్యూలో ముందున్నవాళ్ళు వెనక్కి తిరిగి, నా ముఖం ఎక్కడుందో వెతుక్కుంటారు. ఒంగోలులో చదువుకునే రోజుల్లోనే వంగి నడవడం అలవాటు చేసుకున్నాను. ఉద్యోగానికి మద్రాసు వచ్చిన రోజు డైరీలో, "ఇక్కడైనా ఎవరి కంటా పడకూడదు" అని రాసుకున్నాను.

సరోజమ్మగారు అంబత్తూరులో నేను చేరిన ఫ్యాక్టరీ స్టోర్స్‌కి ఇన్‌ఛార్జి. తాతలనాడే పురసవాక్కంలో స్థిరపడిన తెలుగు కుటుంబం వాళ్ళది. ఆవిడ నాలుగున్నర అడుగులు కూడా ఉండరు. బోల్టులు, బేరింగులు పేర్చిన ర్యాకుల మధ్య ఒక చెక్క పీటను కాలితో తోసుకుంటూ తిరిగేవారు. మొదటిరోజు నన్ను చూసి, "ఏమ్మే, నీకు నిచ్చెనతో పని లేదు. ఫ్యాను మాత్రం చూసుకో," అన్నారు. అందరూ నవ్వారు. నేను ఇంకో అంగుళం వంగాను.

పై అరలో ఉన్నదేదో అందించబోతే నా చేతిని పక్కకు నెట్టి తనే పీట ఎక్కారు. "పీట ఉండాది కదా. నాకు అలవాటు చేసి నువ్వు లీవు పెడితే నేనేం చేసేది?"

ఏ అరలో ఏముందో రాసిన చీటీలు ఆవిడ కళ్ళ ఎత్తులో అంటించి ఉండేవి. వాటిని చదవడానికి నేను రోజంతా నడుం వంచేదాన్ని. ఒక సోమవారం వెళ్ళేసరికి ప్రతి ర్యాకుకూ రెండో చీటీ ఉంది, సరిగ్గా నా కళ్ళకు ఎదురుగా. అదే గుండ్రటి చేతిరాత. పీట మీద మునివేళ్ళపై నిలబడి అంటించారేమో, కొన్ని వంకరగా ఉన్నాయి.

"శనివారం నువ్వు పోయినాక వేసినా," అన్నారు నా వైపు చూడకుండా. "నీ మెడ పట్టేస్తే నీ పని కూడా నేనే చెయ్యాల."

అంతవరకూ నా ఎత్తు కోసం ఎవరూ దేన్నీ మార్చలేదు. ఎక్కడికి వెళ్ళినా వంగింది నేనే. ఆ రోజు డైరీలో చీటీల సంగతి తప్ప ఇంకేమీ రాయలేకపోయాను.

సాయంత్రం ఇద్దరం పెరంబూరులోనే దిగేవాళ్ళం. "పైన గాలంతా నీకు. ఈడ నాకు టిఫిను సంచుల వాసన," అనేవారు. అందరి భుజాల కింద ఉండే ఆవిడకు కిటికీ కనిపించేది కాదు. అలా ఒకసారి దిగాల్సిన స్టేషను దాటిపోయారట. అందుకని ఏ స్టేషను వచ్చిందో నన్ను చెప్పమనేవారు. నేను వంగి ఆవిడ చెవిలో చెప్పేదాన్ని.

"నిలబడి చెప్పు. నీ కింద నేనొక్కదాన్నే ఉండానా? కిటికీ కనపడనోళ్ళు ఎందరుండారో."

"అందరూ చూస్తారండీ."

"ఇప్పుడు చూడకుండా ఉండారా?"

అయినా నేను వంగి చెవిలోనే చెప్పేదాన్ని.

ఒక వానాకాలపు సాయంత్రం ముందు రెండు రైళ్ళు రాలేదు. మూడోది వచ్చేసరికి స్టేషన్లన్నీ నిండిపోయాయి. విల్లివాక్కంలో తోసుకుంటూ ఎక్కినవాళ్ళు మా మధ్యకు వచ్చారు. నా మోచేతి మీది చెయ్యి జారిపోయింది. వెతికితే, అటువైపు మూలలో ఆవిడ కొప్పులోని కనకాంబరాలు మాత్రం కనిపించాయి. ఆ మూలకు ఆనుకుంటున్నవాళ్ళకు అక్కడొక మనిషి ఉన్నట్టే తెలియదు. పూలు కొంచెం కొంచెంగా కిందికి దిగిపోతున్నాయి. ఆ పెట్టెలో అది కనిపిస్తున్నది నాకొక్కదానికే.

నడుం నిటారు చేశాను. తల పిడికి కొట్టుకుంది. నాకు వచ్చిన నాలుగు ముక్కల అరవంలో, "అంగే ఒరు అమ్మా ఇరుక్కాంగ, తళ్ళి నిల్లుంగ," అని అరిచాను. అక్కడొక అమ్మ ఉన్నారు, జరగండి అని. ఎవరూ కదల్లేదు. చెయ్యెత్తి ఆ మూల చూపిస్తూ మళ్ళీ అరిచాను. మళ్ళీ. చివరికి ఒకావిడ కిందికి చూసి "అయ్యో" అంది. భుజాలు విడిపోయాయి. ఎవరో లేచి సరోజమ్మగారికి సీటిచ్చారు, ఇంకెవరో నీళ్ళ సీసా అందించారు.

పెరంబూరులో దిగి బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాం. ఆవిడ జారిన కొప్పు సరిచేసుకున్నారు. ఊపిరి కుదుటపడ్డాక తలెత్తి నన్ను చూశారు.

"ఇంత గొంతు పెట్టుకోని స్టోర్లో చుంచెలక మాదిరి ఉండావే నువ్వు," అన్నారు.

ఆవిడ నిరుడు రిటైరయ్యారు. మోకాళ్ళ నొప్పులతో ఇల్లు దాటి ఎక్కువ రావడం లేదు. ఆమధ్య ర్యాకులకు కొత్త రంగు వేయించినప్పుడు చీటీలు ఒక్క వరస చాలన్నారు మేనేజరు. రెండూ ఉండాలన్నాను. ఆయన వినిపించుకోకపోతే ఇంకోసారి చెప్పాను, రెండూ వేయించారు. కింది వరస చదివేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. రేపు ఎవరొస్తారో.

రైలు పెరంబూరు చేరబోతుంటే పిడికి తగలకుండా ఓ అడుగు పక్కకు జరిగి, నిటారుగా నిలబడి, "అడుత్తదు పెరంబూరు", వచ్చేది పెరంబూరని, గట్టిగా చెబుతాను. కొందరు తిరిగి చూస్తారు. వాళ్ళ భుజాల కింద, నాకు కనిపించని చోటు నుంచి, ఎవరో ఒకరు "సరిమ్మా" అంటారు.