చింతపండుతో తోమిన రివాల్వర్

హామిల్టన్ మొత్తం మీద పాత రివాల్వర్లు పోగుచేసే తెలుగువాణ్ని నేనొక్కణ్నే. కెనడా మొత్తం మీద అని కూడా చెప్పుకున్నాను, ఎవరూ కాదనలేదు. నా ఆయుధాగారం మా బేస్‌మెంట్‌లో, ఆవకాయ జాడీల పక్క అరలో ఉంటుంది. అందులో ఉన్నవి రెండు. ఒకదానికి ట్రిగ్గర్ కదలదు, రెండోదానికి ట్రిగ్గరే లేదు. నూటయాభై ఏళ్లనాడు అమెరికా పడమటి మైదానాల్లో గుర్రపు సైనికుల నడుములకు వేలాడినవని అమ్మినవాడు చెప్పాడు. దానికి నేను రెండు యుద్ధాలు, ఒక మంచు తుఫాను కలిపి చెబుతుంటాను.

ఈ పిచ్చి నాకు అంటించింది మా పక్కింటి పెద్దాయన. ఉక్కు ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. అసలు సరుకు ఆయన దగ్గరుంది: అప్పటి సైన్యం కోసం తయారైన పొడవు గొట్టం రివాల్వర్. ఇనుమంతా ముదురు బెల్లం రంగు. చెక్క పిడి మీద, గోరంత చట్రంలో, దాన్ని పరీక్షించి సైన్యానికి పంపిన అధికారి పొడి అక్షరాల ముద్ర. ఆ రంగూ ఆ ముద్రా ఉంటే అది చరిత్ర, లేకపోతే పాత ఇనుము అని మొదటిరోజే చెప్పాడు. తోమొద్దు, కడగొద్దు, మెత్తటి గుడ్డతో దుమ్ము దులిపితే చాలు. ఈ ఉపదేశం నాకు కనీసం తొమ్మిది వందలసార్లు జరిగింది.

పోయిన అక్టోబర్‌లో ఆయన కంటికి శుక్లాల ఆపరేషన్ చేయించుకుని, రెండు వారాలు ఒషావాలో కూతురి దగ్గర ఉండాల్సి వచ్చింది. తాళం వేసిన ఇంట్లో వదిలేయడానికి మనసొప్పక, ఆ రివాల్వర్‌ను గుడ్డలో చుట్టి నా చేతుల్లో పెట్టాడు. పొత్తిళ్లలో బిడ్డను అందుకున్నట్టే అందుకున్నాను.

సరిగ్గా ఆ వారమే దసరా. మా ఇంట్లో ఆయుధపూజకు లాప్‌టాప్‌లు, స్క్రూడ్రైవర్లు, కూరగాయల కత్తి, మంచు ఎత్తే పార వరసగా కూర్చుంటాయి. సాయంత్రం భోజనాలకు నాలుగు ఊళ్ల తెలుగు ప్రజానీకం దిగుతుంది, అంటే ఆరు కుటుంబాలు. నిజమైన ఆయుధం ఇంట్లో ఉండగా పారకు బొట్టు పెట్టడమేమిటని దాన్ని తెచ్చి పీట మీద పెట్టాను.

మా ఆవిడ ఒక్క చూపు చూసింది. "ఏంటండీ ఇది, బావిలోంచి తీసినట్టుంది. అమ్మవారి ముందు మకిలి వస్తువు పెడతారా? కారుకి షాంపూ పెట్టి మరీ కడిగారు, ఇదేం పాపం చేసింది?"

తోమకూడదని చెప్పాల్సింది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ నాకప్పటికే సాయంత్రం కళ్లముందు ఆడుతోంది: తళతళలాడే రివాల్వర్, చుట్టూ మూగిన మగవాళ్లు, మధ్యలో నేను. ఇత్తడి కుందులు తోమడానికి కలిపిన చింతపండు, ఉప్పు పక్కనే గిన్నెలో ఉన్నాయి. ఒక మూల రుద్ది చూద్దామనుకున్నాను. ఒక మూల మెరిసేసరికి మిగతాదంతా మురికిగా కనిపించింది. పది నిమిషాల్లో బెల్లం రంగంతా సింకులోకి పోయింది. పిడిని గిన్నెల స్టీలు పీచుతో రుద్దాను. ముద్ర ఎప్పుడు చెరిగిందో చూడలేదు. చెరిగాక చూశాను.

సాయంత్రం, రెజైనా నుంచి కొత్తగా మారివచ్చిన కుర్ర ఇంజనీరు దాన్ని చూసి "ఇది మీదేనా అన్నా?" అన్నాడు. నవ్వాను. కాదని మాత్రం అనలేదు. పైగా దానికొక సేనాపతినీ మూడు గుర్రాలనూ అప్పటికప్పుడు పుట్టించాను.

మర్నాటి నుంచి ప్రాయశ్చిత్తం మొదలైంది. టీ డికాక్షన్ పూశాను, కాఫీ పొడి పట్టించాను. రివాల్వర్‌కు ఫిల్టర్ కాఫీ వాసన వచ్చింది గానీ రంగు రాలేదు. మా అమ్మాయి ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే "డాడ్, జస్ట్ టెల్ హిమ్" అంది. ఆ మూడు మాటలు చెప్పడానికి దానికి క్షణం పట్టింది, వినడానికి నాకు వారం పట్టింది.

పెద్దాయన నల్లకళ్లద్దాలతో తిరిగొచ్చి, గుడ్డ విప్పి, రివాల్వర్‌ను కిటికీ వైపు ఎత్తి చూశాడు. ఆపరేషన్ అయినప్పటి నుంచి అన్నీ ఇలాగే తెల్లగా, మెరుస్తూ కనిపిస్తున్నాయని, సన్నటి అక్షరాలు మాత్రం ఇంకా ఆనడం లేదని సంతోషంగా చెప్పాడు. తప్పించుకోవడానికి అంత విశాలంగా తలుపు తెరుచుకోవడం నా జన్మలో చూడలేదు. ఏనుగు మీద కూర్చుని బయటపడిపోవచ్చు. కానీ శనివారం కమ్యూనిటీ హాల్లో పాత ఆయుధాలు పోగుచేసేవాళ్లంతా కలిసి ప్రదర్శన పెడతారు. ఆయన దాన్ని బల్లమీద పెడతాడు. చూపున్నవాళ్లు చూస్తారు. ఇన్నేళ్లుగా తోమొద్దని అందరికీ చెప్పిన మనిషి తానే తోమి తెచ్చాడనుకుంటారు.

"మా ఆవిడ..." అని మొదలుపెట్టి, మాట మార్చాను. "నేనే తోమాను. పూజకి," అన్నాను.

ఆయన కళ్లద్దాలు తీశాడు. పిడిని వేలితో తడిమి అడిగాడు: "మీ దేవతకి పాత రంగంటే పడదా?"

"దేవతకి కాదు. నాకే."

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. ప్రదర్శనలో ప్రతి వస్తువు ముందూ దాని వివరం రాసిన చీటీ ఉండాలట. తనకు కళ్లు ఆనవు కనుక నన్నే రాయమన్నాడు. పురాతన భారతీయ సంప్రదాయం, విజయదశమి, శక్తి ఆరాధన అంటూ పదకొండు వాక్యాలు రాసి చదివి వినిపించాను. ఒక్కొక్కటే కొట్టేయించాడు. చివరికి రెండు మిగిలాయి: పిడి మీద ముద్ర పోయింది. పొరుగువాడు తోమేశాడు.

శనివారమంతా ఆయన పక్కనే బల్ల వెనక నిలబడ్డాను. ఎవరా పొరుగువాడని అడిగినప్పుడల్లా ఆయన నా వైపు తిరిగేవాడు. నేనేనని చెప్పాను, సేనాపతీ గుర్రాలూ లేకుండా. ఆ రోజు పద్నాలుగుమంది అడిగారు. నిజంగానే పద్నాలుగు.