కారణం: పాట

కరోనా ఆంక్షలు ఎత్తేసి, నావికులను మళ్లీ ఒడ్డున కాలు పెట్టనిచ్చిన వేసవిలో నేను మైపాడుకు దక్షిణాన ఉన్న బొగ్గు రేవులో బోర్డింగ్ ఆఫీసర్‌గా ఉన్నాను. అంటే ఓడ యజమాని తరఫు ఏజెంటు మనిషిని. ఓడ వచ్చి లంగరేసినప్పటి నుంచి వెళ్లిపోయేదాకా దాని కాగితాలు, మంచినీళ్లు, కూరగాయలు, మనుషులు అన్నీ నా నెత్తినే. రూల్సు పట్టుకుని వేలాడతానని ఆఫీసులో నాకు పేరు. నిజమే, వేలాడతాను.

అక్కడికి వచ్చే బొగ్గులో చాలా భాగం ఇండోనేషియాది, ఓడ సిబ్బంది కూడా చాలాసార్లు వాళ్లే. నేను చెన్నైలో ఉద్యోగానికి చేరిన కొత్తలో నావికులు ఓడెక్కిన ఏజెంటును ఎస్టీడీ బూత్ ఎక్కడని అడిగేవారు. ఇప్పుడు నెట్ అడుగుతారు. కూరగాయలు ఒక రోజు ఆలస్యమైతే సర్దుకుంటారు గానీ డేటా లేకపోతే ముఖాలు మాడ్చుకుంటారు.

ఆ వేసవిలో వచ్చిన ఒక బొగ్గు ఓడలో వంటవాడి పేరు రిజ్కి. వంటగదిలో పాడిన పాటలను ఫోనులో పెట్టి వాళ్ల దేశంలో కాస్త పేరు తెచ్చుకున్నాడు. అతను పాడేది డంగ్‌డుట్. తబలా లాంటి దరువు మీద, పాత హిందీ సినిమా పాటల వాసనతో నడిచే జనం పాట. ఒక ఆన్‌లైన్ పోటీలో అతను ఆఖరి రౌండుకు చేరాడు. లోకంలో ఎక్కడున్నా సరే, చెప్పిన సాయంత్రం లైవ్‌లో పాడాలి. జడ్జీల మార్కులు సగం, చూసేవాళ్ల ఓట్లు సగం. నెగ్గితే జావాలో పెళ్లిళ్లకు తిరిగే ఆర్కెస్ట్రాలో ఉద్యోగం. అతనికి కావలసింది అదే. కూతురు పుట్టి నడక నేర్చినా, ఓడ మీదే ఉండిపోయి ఇంకా ఎత్తుకోలేదు.

ఆ సాయంత్రానికి ఓడ రేవులోకి వచ్చేస్తుందనుకున్నాం. ముందున్న ఓడ దిగుమతి ఆలస్యమై, ఓడను గట్టుకు కట్టే బెర్తు దొరకలేదు. లంగరేసిన చోట ఫోను సిగ్నల్ లేదు. ఓడ పాతది, దాని శాటిలైట్ కెప్టెన్ ఈమెయిళ్లకే చాలీచాలనిది. నేను ఇమిగ్రేషన్ ఆఫీసర్ని ఒప్పించి షోర్ పాస్ తెచ్చాను. అది లేనిదే విదేశీ నావికుడు ఒడ్డు దిగకూడదు. రాత్రి భోజనం ముందే వండిపెట్టి వెళ్లమన్నాడు కెప్టెన్. రిజ్కి వండిపెట్టి, కూరగాయలు తెచ్చిన మా లాంచీలోకి దిగాడు.

తీరం కనబడే వేళకు నా ఫోనుకు సిగ్నల్ వచ్చింది, దాని నెట్ కలపగానే అతని ఫోనులో మెసేజీలు కుప్పగా పడ్డాయి. ముందు పాడవలసిన అమ్మాయికి కనెక్షన్ తెగిపోయిందట. వెంటనే ఇతని వంతు. జెట్టీ ఇంకా దూరంలోనే ఉంది. లాంచీ ఇంజన్ మోతలో మనిషి మాటే వినబడదు, ఇక పాటేం వినబడుతుంది? రిజ్కి మెసేజీ నాకు చూపించి జెట్టీకేసి చూశాడు. నాకు భయమేసింది.

ఇంజన్ ఆపి లంగరెయ్యాలంటే వైర్‌లెస్‌లో రేవు కంట్రోల్ రూముకు చెప్పి, కారణం చూపి అనుమతి తీసుకోవాలి. లాంచీ నడిపే సరంగు పోలయ్యది మైపాడు.

"ఇంజన్ చెడిపోయినాదని ఒక్క ముక్క చెప్పేయండి సార్. అడిగేదెవురు?" అన్నాడు.

"అట్టా చెప్తే మనల్ని లాక్కుపోయే టగ్గును పంపిస్తారు పోలయ్యా," అన్నాను. నేనే వైర్‌లెస్ అందుకున్నాను. ఆగుతున్నామని చెప్పాను. కారణం అడిగారు. ఓడ వంటవాడు పాటల పోటీ ఫైనల్లో పాడాలని ఇంగ్లీషులో ఉన్నదున్నట్టు చెప్పాను. ఎంతసేపని అడిగారు. ఒక పాట, అన్నాను. సరేనన్నారు.

ఇంజన్ ఆగింది. లాంచీ ఒకటే ఊగుడు. పోలయ్య అతని నడుం చుట్టూ చెయ్యేసి పట్టుకున్నాడు, నేను అతని ఫోను ఎదురుగా పట్టుకున్నాను. కళ్లు మూసుకుని పాడాడు. చరణం మధ్యలో పోలయ్య నాకేసి చూసి, "ఇది మన పెళ్లి పాట మాదిరే ఉండాదే సార్!" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది.

మేం అనుకోనిది ఒకటి జరిగింది. బెర్తు కబురు కోసం లంగరేసిన ఓడలన్నీ ఆ వైర్‌లెస్ ఛానల్ వింటూనే ఉంటాయి. కొత్త ఓడల్లో నావికులకూ శాటిలైట్ నెట్ ఉంది. నా మాట విన్న ఇండోనేషియా వాళ్లంతా అది ఏ పోటీయో పోల్చుకుని లైవ్‌లోకి వచ్చి, వాళ్ల వాళ్లకూ చెప్పి ఓట్లు వేయించారు.

జడ్జీల మార్కుల్లో రిజ్కి వెనకబడే ఉన్నాడు. ఓట్లు అతన్ని గట్టెక్కించాయి. ఆ ఓడ మళ్లీ వచ్చినప్పుడు వంటగదిలో వేరే మనిషి ఉన్నాడు. మంచి వంటవాణ్ణి పోగొట్టావని కెప్టెన్ నన్ను తిట్టి, తన ఫోనులో వీడియో చూపించాడు. పెళ్లి వేదిక మీద రిజ్కి, చంకలో కూతురు.

నా తర్వాత ఆ ఉద్యోగానికి వచ్చినవాళ్లకు నేను చెప్పేది ఒకటే. వైర్‌లెస్‌లో కారణం అడిగితే అసలు కారణమే చెప్పండి. ఇంజన్ చెడిందని చెప్పి ఉంటే మాకు టగ్గు వచ్చేది. పాట అన్నాను కాబట్టి ఓట్లు వచ్చాయి.