ఎల్లారెడ్డి నుంచి వచ్చే జవాబు

మొన్న కామారెడ్డిలో నేను పనిచేసిన కాలేజీ లైబ్రరీకి ఊరికే కాలక్షేపానికి వెళితే, నా సీట్లో కూర్చున్న కొత్త లైబ్రేరియన్ ఎంతో సంబరంగా ఏదో పుస్తకం పేరు కొట్టి, అది ఎల్లారెడ్డి ఊళ్లోని లైబ్రరీలో ఉందో లేదో క్షణంలో తెర మీద చూపించింది. బాగుందమ్మా అన్నాను. ఆ ఏర్పాటు చేసింది నేనేనని ఆ పిల్లకు తెలియదు, చెప్పాలనీ అనిపించలేదు. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే కళ్లద్దాలు తుడుచుకునే వంకతో బయటికి వచ్చేశాను.

కార్డుల సొరుగులు లాగి పుస్తకాలు వెతికిన మన తరంవాళ్లకు గుర్తుండే ఉంటుంది, పక్క ఊరి లైబ్రరీలో ఏముందో తెలియాలంటే ఫోన్ చేయడమో బస్సెక్కడమో తప్ప దారి ఉండేది కాదు. ఎల్లారెడ్డి లైబ్రరీ చూసుకునే ఆమెతో నాకు చుట్టరికం ఏమీ లేదు, నాకంటే పెద్దదని అక్కా అనేదాన్ని. సాయంత్రం కాగానే ఫోన్ వచ్చేది. పుస్తకం మాట ముందే అయిపోయేది, ఆ తర్వాత ఆమె మోకాళ్ల నొప్పులు, నిజాంసాగర్ ప్రాజెక్టుకు నీళ్లొచ్చాయా లేదా, నేను ఏం వండానో చెబితే ఆమె పెట్టే వంకలు, అలా మా అటెండరు తాళాలు పట్టుకుని గుమ్మంలో నిలబడి దగ్గేదాకా సాగేది. ఇంటికి వెళితే పలకరించే దిక్కులేని నాకు రోజంతటికీ మనసు విప్పి మాట్లాడుకునే మాట అదొక్కటే.

అయితే సాయంత్రం ఫోన్ దాకా ఆగలేక, పుస్తకం కోసం బస్సులో అంత దూరం పోయి, లేదనిపించుకుని ఉసూరుమంటూ తిరిగొచ్చేవాళ్లను చూస్తే ఇద్దరికీ బాధగా ఉండేది. కార్డుల సొరుగులు పోయి కంప్యూటర్లు వచ్చాక, పుస్తకాల జాబితాకు రెండు చోట్లా వాడుతున్నవి ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లే, కోడ్ తెరిచి ఎవరైనా మార్చుకోవచ్చు, కానీ రెండూ వేరు వేరు. ఒక లైబ్రరీ కంప్యూటర్ అడిగితే ఇంకో లైబ్రరీ కంప్యూటర్ జవాబు చెప్పడానికి లోకమంతా ఒప్పుకున్న పద్ధతి ఒకటుంది, దాన్ని ప్రోటోకాల్ అంటారు. అక్కవాళ్ల దానిలో అది ఉంది, మాదానిలో లేదు. లేకపోతే ఏం, కోడ్ రాయడం నేర్చుకుని నేనే చేరుస్తానని మొండికేసి కూర్చున్నాను. ఆ సాఫ్ట్‌వేర్ మీద పనిచేసే, ఎన్నడూ ముఖం చూడని ఎక్కడెక్కడివాళ్లో ఈమెయిళ్లలో నా తప్పులు దిద్దారు. ఎల్లారెడ్డి పుస్తకం పేరు మా తెర మీద మొదటిసారి పడిన రోజు నేను ఫోన్లోనే కేరింతలు కొడితే, "ఇగ మన ఫోన్ల గోస పోయింది చెల్లే" అని అక్క పకపకా నవ్వింది.

నిజంగానే పోయింది. అడగడానికి పుస్తకం లేకుండా ఊరికే ఫోన్ చేయాలంటే ఏదో మొహమాటం, ఆమెకూ అంతేనేమో, రోజూ మోగే ఫోన్ వారానికోసారికి, ఆ తర్వాత పండగలకు వచ్చింది.

ఆ రోజుల్లోనే రామారెడ్డి అనే ఊరి నుంచి ఒక పెద్దాయన నిజాంసాగర్ కట్టిన కాలం ముచ్చట్లున్న పాత పుస్తకం కోసం మా దగ్గరికి తిరిగేవాడు. వాళ్ల తాత ఆ కట్ట మీద రాళ్లు మోశాడట. పుస్తకం ఎల్లారెడ్డిలోనే ఉంది, కానీ ఎప్పుడు చూసినా ‘బయటికి ఇచ్చారు’ అనే వచ్చేది. ఎవరికి ఇచ్చారో చెప్పడం ఆ పద్ధతిలో లేదు. ఎవరో మహానుభావులు తీసుకుపోయి దాని మీద పడుకున్నారని విసుక్కునేదాన్ని. చివరికి ఒకనాటి ఉదయం ‘తిరిగి వచ్చింది’ అని కనబడింది. నా సంతోషానికి పట్టపగ్గాలు లేవు, వెంటనే పెద్దాయనకు కబురు చెప్పి బస్సెక్కించాను.

సాయంత్రం ఆయన పుస్తకంతో వచ్చి బెంచీ మీద కూలబడ్డాడు. "ఆడి లైబ్రరీ మేడం లేదు బిడ్డా. శాన దినాల సంది మంచంల వడి, మొన్న పోయిందట. గీ బుక్కు ఆమె తలగడ కాడనే ఉండెనట, కొడుకు తెచ్చి ఇచ్చిపోయిండట" అన్నాడు.

ఆ రోజులన్నీ అక్కడి అటెండరు పొద్దున్నే కంప్యూటర్ వేసేవాడు, అది నేను అడిగినదానికల్లా తడుముకోకుండా జవాబు చెబుతూనే ఉంది, అక్క బాగానే ఉందని నేను అనుకుంటూనే ఉన్నాను. పాత రోజులే అయితే, ఆ పుస్తకం ఎవరి దగ్గరుందక్కా అని అడిగేదాన్ని, నా దగ్గరనే ఉన్నదే అనేది, ఆ నీరసపు గొంతు విని మరునాడే బస్సెక్కేదాన్ని. పుస్తకాల కోసం వృథాగా తిరిగే బాధ జనానికి తప్పింది, అది మంచిదే, కాదనను. కానీ మా అక్క పోయిన సంగతి నాకు ఒక పుస్తకం తిరిగొచ్చిందన్న కబురుగా అందింది, దాన్ని చూసి నేను సంతోషపడ్డాను.